ఎవరి కాలికి ఆ చక్రం

రేసు సైకిలు కొనబోయేవాళ్లు అన్నీ అడుగుతారు. ఫ్రేము కార్బనా, అల్యూమినియమా? గేర్లు ఎన్ని? బరువు ఎనిమిది కిలోలా, తొమ్మిదా? డిస్కు బ్రేకులా, పాతరకం రిమ్ము బ్రేకులా? చక్రం ఎంతదని మాత్రం అడగరు. అడగాలని తోచదు కూడా. గచ్చిబౌలి, కొండాపూర్, మాదాపూర్ వైపు ఏ షోరూములో చూసినా వరసగా నిలబెట్టిన రేసు సైకిళ్లకు దాదాపు అన్నిటికీ ఒకటే చక్రం, 700సి. అయిదడుగుల అమ్మాయికి ఇచ్చే చిన్న ఫ్రేముకూ అదే, ఆరడుగులు దాటిన అబ్బాయికి ఇచ్చే పెద్ద ఫ్రేముకూ అదే. ఫ్రేము పెరుగుతుంది, తగ్గుతుంది. సీటు లేస్తుంది, దిగుతుంది. చక్రం మాత్రం ఉన్నచోటి నుంచి కదలదు. ఆ కదలని కొలత ఎవరిది, ఎవరి ఒంటిని చూసి పెట్టింది అన్న ఆలోచన చాలాకాలంగా నన్ను వదలడం లేదు.

టైరు పక్కభాగాన్ని తడిగుడ్డతో తుడిస్తే 25-622 అనో, 28-622 అనో అంకెలు ఉబ్బెత్తుగా కనిపిస్తాయి. మొదటిది టైరు వెడల్పు. రెండోది టైరు అంచు రిమ్ములో కూర్చునే చోట వ్యాసం. రెండూ మిల్లీమీటర్లలోనే. చక్రానికి నమ్మదగ్గ కొలత ఇదొక్కటే, మిగతావన్నీ పిలుపులు. 700సి అన్న పిలుపు ఫ్రాన్సులో పుట్టింది. గాలి కొట్టిన టైరుతో కలిపి చక్రం బయటి వ్యాసం 700 మిల్లీమీటర్ల దగ్గర ఉండాలని అక్కడివాళ్లు అనుకున్నారు. టైరు సన్నదైతే రిమ్ము పెద్దది కావాలి, టైరు లావైతే రిమ్ము చిన్నది కావాలి. అప్పుడే బయటి కొలత మారదు. అలా ఎ రిమ్ము 642, బి రిమ్ము 635, సి రిమ్ము 622 అయ్యాయి. అంటే సి అన్నది లావు టైరు కోసం పుట్టిన రిమ్ము. దానికి 39 మిల్లీమీటర్ల టైరు తొడిగితేనే 700 లెక్క కుదురుతుంది. రేసులవాళ్లు దానికే 20, 23 మిల్లీమీటర్ల సన్నటి టైర్లు తొడిగారు. చక్రం 670 దగ్గరికి దిగింది, పేరు మాత్రం దిగలేదు.

అంగుళాల లెక్క ఇంకా చిక్కుముడి. పాతకాలపు 27 అంగుళాల రోడ్డు సైకిలు రిమ్ము 630. ఇప్పుడు కొండదారుల సైకిళ్లకు వేసే 29 అంగుళాల రిమ్ము 622, అంటే మన 700సి రిమ్మే. ఇరవై తొమ్మిది కంటే ఇరవై ఏడు పెద్దదన్నమాట! 27.5 పేరుతో అమ్ముతున్నది 584, ఫ్రాన్సువాళ్ల పాత 650బి. ఇవి కాక ఒకప్పుడు ట్రయాథ్లాన్ సైకిళ్లకు ఎక్కువగా వేసిన 650సి ఉంది, దాని రిమ్ము 571. కాబట్టి చక్రం గురించి మాట్లాడేటప్పుడు పేరు కాదు, ఈ మూడంకెల సంఖ్య అడగాలి. నేను ఎవరికి చెప్పినా మొదట చెప్పేది ఇదే.

తెల్లవారి ఆరింటికి డ్యూటీ మారే వేళ మైండ్‌స్పేస్ ఐటీ పార్కు గేట్ల దగ్గర కాసేపు నిలబడితే ఇంకో చక్రం కనిపిస్తుంది. సెక్యూరిటీవాళ్లు, హౌస్‌కీపింగ్‌వాళ్లు, కట్టడాల పనివాళ్లు తొక్కుకొచ్చే నల్ల సైకిలు చక్రం. 28 అంగుళాలు, ఒకటిన్నర అంగుళం టైరు. రిమ్ము 635. గాలితో కలిపి చూస్తే 711 మిల్లీమీటర్లు. దాని పక్కన మూడు లక్షల రేసు సైకిలు నిలబెడితే ఆ నల్ల సైకిలు చక్రమే మూడు నాలుగు సెంటీమీటర్లు ఎత్తుగా ఉంటుంది. తారు లేని దారుల కోసం ఇంగ్లండులో రూపుదిద్దుకున్న బండి అది. మన పల్లె బాటలకు సరిగ్గా కుదిరింది. బియ్యం బస్తా వేసినా, ఇద్దరు పిల్లల్ని ఎక్కించినా గుంతల్ని సాఫీగా దాటించింది. దాని మీద నాకున్న గౌరవం ఇంతా అంతా కాదు.

అయితే మనలో చాలామంది సైకిలు నేర్చుకున్నదీ ఆ చక్రం మీదే. నాన్నదో బాబాయిదో బండి. సీటు అందదు. కుడి చంకలో సీటు ఇరికించుకుని, ఎడమచేత్తో హ్యాండిలు పట్టుకుని, రాడ్డు కింద నుంచి కాలు దూర్చి, ఒళ్లంతా ఒక పక్కకు వంచి కైంచీ తొక్కుడు. వీధి చివరిదాకా పడకుండా వెళ్లొస్తే అదొక విజయం. ఆ ఆనందం నిజమైనదే. కానీ అప్పుడే మన ఒంటికి ఒక అలవాటు పడిపోయింది. బండి కొలత బండిది, సర్దుకోవాల్సింది మనం. పాతికేళ్ల తర్వాత జీతం చేతికొచ్చి, ఇష్టపడి రేసు సైకిలు కొనేటప్పుడు కూడా ఆ అలవాటే మనతో మాట్లాడిస్తుంది. అబ్బాయిలకంటే అమ్మాయిల చేత ఎక్కువ మాట్లాడిస్తుంది.

చక్రం ఎప్పుడూ ఇలా మొండికెత్తి ఉండలేదు. 1870లలో, 80ల మొదట్లో రేసులాడిన సైకిలుకు ముందు చక్రం ఆకాశమంత ఎత్తు, వెనక చక్రం చిన్నది. చైను లేదు, పెడళ్లు ముందు చక్రం ఇరుసుకే ఉండేవి. కాలు ఒకసారి తిరిగితే చక్రం ఒకసారి తిరుగుతుంది. వేగం కావాలంటే చక్రం పెద్దది కావాలి. ఎంత పెద్దదన్నది కాలి పొడవు మీద ఉంటుంది. కాబట్టి సైకిలు కొనేవాడు ముందు కాలు కొలిపించుకునేవాడు. కురచ కాలివాడికి 48 అంగుళాలు, పొడుగు కాలివాడికి 58, 60. థామస్ స్టీవెన్స్ అనే ఆయన 50 అంగుళాల చక్రం మీద 1884లో బయల్దేరి ప్రపంచం చుట్టాడు. 1886లో లాహోర్ నుంచి కలకత్తా దాకా గ్రాండ్ ట్రంక్ రోడ్డు మీద మన దేశంలోనూ తొక్కాడు. ఆ సైకిళ్లు ప్రమాదకరమైనవే. గుంత తగిలితే తలకిందులుగా పడేవాళ్లు. ఆ కాలం మళ్లీ రావాలని అనడం లేదు. కానీ చక్రానికీ కాలికీ అప్పుడున్న చుట్టరికం మాత్రం చాలా నిజాయితీ అయినది.

1885లో జాన్ కెంప్ స్టార్లీ తెచ్చిన రోవర్ సైకిలు ఆ చుట్టరికాన్ని తెంచింది. చైను, పళ్ల చక్రాలు వచ్చాయి. 1888లో డన్‌లప్ గాలి టైరు వచ్చింది. ఇక వేగం కోసం చక్రాన్ని పెంచాల్సిన పని లేదు, పళ్లు మారిస్తే చాలు. అంటే చక్రం కాలి నుంచి పూర్తిగా విడుదలైంది. ఆ విడుదలతో ప్రతి ఒంటికీ తగిన చక్రం చేసే వీలు మొదటిసారి దక్కింది. జరిగింది మాత్రం తిరగబడ్డట్టు జరిగింది. ఏ చక్రమైనా పనిచేస్తుంది కాబట్టి ఒకే చక్రం చాలనుకున్నారు. రేసులాడినవాళ్లలో ఎక్కువమంది యూరపు మగవాళ్లు. వాళ్ల సగటు ఒంటికి 622 బాగానే కుదిరింది. లోకమంతటికీ అదే కొలత అయింది.

నియమాలే అలా ఉన్నాయి కాబోలు అనుకుంటారు చాలామంది. లేవు. ప్రపంచ సైక్లింగ్‌ను నడిపించే యూసీఐ చెప్పేది, టైరుతో కలిపి చక్రం వ్యాసం 55 నుంచి 70 సెంటీమీటర్ల మధ్య ఉండాలని, రెండు చక్రాలూ సమానంగా ఉండాలని. 1980లలో టైమ్ ట్రయల్ సైకిళ్లకు ముందు చక్రం చిన్నది వేసి గాలి దెబ్బ తగ్గించుకునేవాళ్లు, ఆ దారి తర్వాత మూసేశారు. అంతే తప్ప రెండు చక్రాలూ 650 అయితే ఏ రోడ్డు రేసులోనూ ఎవరూ అడ్డం చెప్పరు. ఇంకా వెనక్కి వెళితే, 1962లో అలెక్స్ మోల్టన్ పదహారు, పదిహేడు అంగుళాల చక్రాలతో సైకిలు చేస్తే, దాని మీద జాన్ వుడ్‌బర్న్ కార్డిఫ్ నుంచి లండన్ దాకా రోడ్డు రికార్డు బద్దలు కొట్టాడు. చిన్న చక్రం నెమ్మది చక్రమన్న మాటకు అప్పుడే జవాబు వచ్చేసింది.

మా ఆఫీసులో పక్క టీములో పనిచేసే ఒకావిడ ఎత్తు 150 సెంటీమీటర్లు. మన దేశంలో ఆడవాళ్ల సగటు ఎత్తే దాదాపు 152. కాబట్టి ఆవిడ ఒంట్లో వింతేమీ లేదు, మన సగటుకు అటూ ఇటూ. పట్టుదల గల మనిషి. రెండేళ్లు మామూలు సైకిలు తొక్కి, కాళ్లలో సత్తువ తెచ్చుకుని, రేసులాడాలని రోడ్ బైకు కొంది. షోరూములో అన్నిటికంటే చిన్న ఫ్రేము ఇచ్చారు. నానక్‌రామ్‌గూడ సర్వీసు రోడ్డులో మొదటిసారి తొక్కుతుంటే పక్కనే ఉన్నాను. నేరుగా వెళ్లేటప్పుడు గాలిలా పోతోంది. తిరిగి రావడానికి వేగం తగ్గించి హ్యాండిలు తిప్పింది. ఆ క్షణానికి కుడి పెడలు ముందుకు వచ్చి ఉంది. బూటు ముందు భాగం టైరుకు తగిలి, చక్రం ఆగి, మనిషి పక్కకు ఒరిగి పడింది. మోచెయ్యి గీసుకుపోయింది. బూటు కొన మీద నల్లటి రబ్బరు మరక. ఆవిడ మొదట చూసుకున్నది మోచెయ్యి కాదు, కొత్త సైకిలుకు గీత పడిందేమోనని.

షోరూముకు తీసుకెళితే వాళ్లన్న మాట, “అలవాటైపోతుంది మేడమ్.” ఆ మాటలో అబద్ధం లేదు, అలవాటవుతుంది. మలుపు తిరిగేటప్పుడు పెడలు ఏ స్థానంలో ఉంచాలో నేర్చుకోవచ్చు. వేగంగా పోయేటప్పుడు హ్యాండిలు అంత తిరగదు కాబట్టి కాలు తగలదు. రేసులాడేవాళ్లలో ఎందరో అలా సర్దుకున్నవాళ్లే. కానీ ఈ ఊళ్లో ఎక్కడ నెమ్మదిగా తిరగాలో ఆలోచించండి. యూటర్నులో, వెనక ఆటో హారను కొడుతుండగా. ఫ్లైఓవరు ఎక్కే చోట, పక్కన క్యాబు ఒరుసుకుంటూ వస్తుండగా. మనసు ట్రాఫిక్ మీద ఉండాల్సిన చోట కాలి బొటనవేలి మీద ఉండాలన్నమాట. చెప్పుకు సరిపోవడం లేదని ఎవరూ కాలు కోసుకోరు. ఇక్కడ మాత్రం మన ఆడపిల్లల్ని అదే పని చేయమంటున్నాం, చాలా మర్యాదగా.

ఇది ఒక్క బొటనవేలితో ఆగే వ్యవహారం కాదు. చిన్న ఫ్రేములో పెద్ద చక్రం ఇరికించాలంటే తయారీదారు కోణాలతో ఆడాలి. ముందు ఫోర్కును మామూలుకంటే ముందుకు వాలుస్తారు, చక్రం కాలికి దూరం కావాలని. దాంతో నెమ్మదిగా వెళ్లేటప్పుడు హ్యాండిలు దానంతట అదే ఒక పక్కకు వాలుతుంది. సీటు గొట్టాన్ని మరీ నిటారుగా నిలబెడతారు, కాగితం మీద ఫ్రేము పొడవు తగ్గినట్టు కనిపించాలని. కూర్చునే మనిషి సీటును తన తొడల కొలతకు వెనక్కి జరుపుకుంటే ఆ తగ్గిందంతా మళ్లీ పెరిగిపోతుంది. అందుకే చాలా కంపెనీల పట్టీల్లో 44, 47, 49 అని మూడు సైజులు రాసి ఉన్నా, హ్యాండిలు అందే దూరం మూడింటిలోనూ దాదాపు ఒకటే. సైజు తగ్గిందని అమ్ముతున్నారు గానీ, మెడ నొప్పి, భుజాల నొప్పి తగ్గడం లేదు. ఈ మడతపేచీ తెలియక “నా ఒళ్లే రేసు సైకిలుకు పనికిరాదు” అనుకుని మానేసినవాళ్లను చూశాను. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే. చక్రం చేసిన తప్పును ఒంటి మీద వేసుకోవడం.

చక్రం తగ్గిస్తే ఏం పోతుంది? లెక్క చూద్దాం. 28 మిల్లీమీటర్ల టైరుతో 700సి చక్రం వ్యాసం 678, అదే టైరుతో 650బి వ్యాసం 640. ఇరుసు నుంచి టైరు అంచుకు దూరం 339 నుంచి 320కి తగ్గుతుంది. బొటనవేలికీ టైరుకూ మధ్య 19 మిల్లీమీటర్లు, అంటే ఒక వేలి మందం చోటు దొరుకుతుంది. ఆ వేలి మందంతోనే ఫోర్కును, సీటు గొట్టాన్ని వాటి సహజమైన కోణాల్లోకి తేవచ్చు. ఇక వేగం సంగతి. ముందు 50 పళ్లు, వెనక 17 పళ్లు, నిమిషానికి 90 సార్లు కాలు తిరిగితే 700సి మీద గంటకు 33.8 కిలోమీటర్లు. అదే పళ్లతో 650బి మీద 31.9. వెనక 17 బదులు 16 పళ్లకు మారిస్తే 33.9. ఒక్క క్లిక్కు! మీటరులో చక్రం చుట్టుకొలత మార్చుకోవాలి, లేకపోతే అది లేని వేగం నూటికి ఆరు వంతులు కలిపి చూపిస్తుంది. అంతకు మించి కాళ్లకు తేడా తెలియదు.

గుంతల్లో పెద్ద చక్రమే మేలు కదా అంటారు. మేలే, కాదనను. ఒక జానెడు వెడల్పు గుంత, 200 మిల్లీమీటర్లు అనుకుందాం. దాని మీద నుంచి పోయేటప్పుడు 700సి చక్రం 15 మిల్లీమీటర్లు లోపలికి దిగుతుంది, 650బి 16 దిగుతుంది. తేడా ఒక్క మిల్లీమీటరు. మడత సైకిళ్లకు వేసే 16 అంగుళాల బుల్లి చక్రమైతే పాతిక దాకా దిగుతుంది, అక్కడ భయపడటంలో అర్థముంది. 700కీ 650కీ మధ్య మాత్రం గుంత తేడా పెట్టదు. చిన్న చక్రానికి ఉన్నదని చెప్పే లాభమూ అంతే, పెద్దగా పొంగిపోనక్కర్లేదు. రిమ్ములు, టైర్లు, ట్యూబులు కలిపి రెండు కిలోలు అనుకుంటే నూట ఇరవై గ్రాములు తగ్గుతాయి. అంచు బరువు వేగం అందుకునేటప్పుడు రెండింతలుగా పనిచేస్తుంది కాబట్టి పావు కిలో అనుకోండి. రేసు చివరి పరుగులో ఆ పావు కిలో గెలిపించదు, ఓడించదు.

రోడ్డు దెబ్బను తీసుకునేది వ్యాసం కాదు, వెడల్పు, లోపలి గాలి. సైబరాబాద్ రోడ్ల స్వభావం తెలిసినవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023 అక్టోబరు 1న ప్రారంభించిన సౌర పైకప్పు సైకిలు బాట ఉంది. ప్రారంభించినప్పుడు 23 కిలోమీటర్ల పొడవు, నాలుగున్నర మీటర్ల వెడల్పు, నానక్‌రామ్‌గూడ నుంచి పోలీసు అకాడమీ వైపు ఒక పాయ, నార్సింగి నుంచి కొల్లూరు వైపు ఇంకో పాయ. అలాంటి నున్నటి బాట మీద 25 మిల్లీమీటర్ల టైరులో గాలి దట్టించి తొక్కితే ఏ ఇబ్బందీ ఉండదు. కానీ ఆ బాటకు చేరాలంటే ముందు ఇంటి నుంచి రావాలి కదా. స్పీడ్ బ్రేకర్లు, రోడ్డు మట్టానికి కిందకో పైకో ఉండే మ్యాన్‌హోల్ మూతలు, ఫ్లైఓవర్ల మీద ఇనుప అతుకులు, వాన పడ్డ మర్నాడు రోడ్డు అంచుకు కొట్టుకొచ్చిన కంకర. గండిపేట దాటి శంకర్‌పల్లి వైపో, వికారాబాద్ అనంతగిరి గుట్టల వైపో వెళితే ఇంకో తంతు. అక్కడ 28 మిల్లీమీటర్లు కనీసం, 32 దొరికితే ఇంకా మేలు. 23 తొడిగి ఎనిమిది బార్ల గాలి కొట్టడమే రేసు అని నమ్మిన రోజులు యూరపు ప్రొఫెషనళ్ల మధ్యే పోయాయి. వాళ్లే ముందు 25కి, తర్వాత 28కి, రాళ్లు పరిచిన రోడ్ల రేసులకు 30, 32కి వచ్చారు. అరవై కిలోల మనిషికి 28 టైరులో అయిదు బార్లు కూడా ఎక్కువే.

వానాకాలం గాలి సంగతి కూడా చెప్పాలి. జూన్, జూలైల్లో పడమటి గాలి కోకాపేట వైపు ఖాళీ జాగాల్లో అడ్డంగా కొడుతుంది. యాభై మిల్లీమీటర్ల లోతు కార్బన్ రిమ్ములు బరువైన మనిషిని వేగంగా మోస్తాయేమో గానీ, యాభై కిలోల మనిషి ముందు చక్రాన్ని గాలి పట్టుకుని గుంజితే హ్యాండిలు నిలవదు. తక్కువ ఎత్తు, తక్కువ బరువు ఉన్నవాళ్లకు ముందు చక్రం రిమ్ము ముప్ఫైకి మించకూడదని నా అభిప్రాయం.

ఇక రెండో వైపు. అందరికీ ఒకటే చక్రం ఉండటంలో ఒక గొప్ప మంచి ఉంది, దాన్ని తేలిగ్గా తీసెయ్యలేను. గుంపుగా తొక్కేటప్పుడు ఒకరి టైరు చిరిగితే ఇంకొకరి దగ్గరున్నది పనికొస్తుంది. రేసులో చక్రం దెబ్బతింటే జట్టులోని మరొకరు తన చక్రం ఊడదీసి ఇస్తారు. రాత్రంతా సాగే 300, 400 కిలోమీటర్ల బ్రెవే సవారీల్లో ముక్కూ మొహం తెలియని మనిషి తన సంచిలోంచి ట్యూబు తీసి ఇచ్చి, పేరు కూడా చెప్పకుండా వెళ్లిపోతాడు. ఒకే కొలత మనుషుల్ని ఒకరికొకరిని చేస్తుంది. వేరే చక్రం ఎంచుకున్నవాళ్లు ఆ ధర్మానికి బయట పడిపోతారేమోనన్న భయం సహజమే. శంకర్‌పల్లి దగ్గర పంక్చరు అతికే పెద్దాయన మా ఆఫీసు ఆవిడ టైరు మీది అంకె చూసి చెప్పింది కూడా అదే: “గీ సైజు మా తాన దొర్కదమ్మా. పెద్ద సైకిల్‌ది ఉంటది, పిల్లల సైకిల్‌ది ఉంటది. నీది మధ్యల ఉన్నది.”

నిజమే, మధ్యలోనే ఉంది. కానీ ఆయన దగ్గర నా 622 టైరూ దొరకదు. ఆయన దగ్గరున్న నల్ల సైకిలు ట్యూబుకు లావు వాల్వు, సన్నటి వాల్వు కోసం తొలిచిన రేసు రిమ్ము చిల్లులో అది దూరదు. రోడ్డు మీద మనకు మనమే దిక్కన్నది 700సి వాళ్లకూ అంతే నిజం. పైగా రబ్బరు మనుషులంత పట్టుదల గలది కాదు. 650 ట్యూబును సాగదీసి 700 టైరులో పెడితే ఇల్లు చేరుస్తుంది. 700 ట్యూబును ఒకచోట చిన్న మడత వేసి 650లో సర్దినా అత్యవసరానికి పనిచేస్తుంది. కొన్ని ట్యూబులను అసలు రెండు సైజులకూ కలిపే అమ్ముతారు. పంచుకోలేనిది ఒక్క టైరే. మడతపెట్టగలిగే టైరు ఒకటి జెర్సీ వెనక జేబులో దూరుతుంది. దూర ప్రయాణాలప్పుడు నా జేబులో నాదొకటి, ఆవిడ జేబులో ఆవిడదొకటి, ట్యూబులు మాత్రం ఉమ్మడి.

అవును, ఆవిడ చక్రం మార్చింది. చక్రం ఒక్కటే మార్చలేదు, బండే మార్చింది. ఈ విషయంలో తొందరపడి నష్టపోయేవాళ్లు ఉంటారు కాబట్టి కాస్త వివరంగా చెప్పాలి. 700సి కోసం కట్టిన ఫ్రేములో అదే వెడల్పు టైరుతో 650 చక్రం పెడితే సైకిలు మొత్తం 19 మిల్లీమీటర్లు కిందికి దిగుతుంది. మలుపులో లోపలి పెడలు రోడ్డుకు తగులుతుంది. రిమ్ము బ్రేకులైతే బ్రేకు దిమ్మలు రిమ్ముకు అందవు కూడా. డిస్కు బ్రేకులుండి, ఫ్రేములో ఖాళీ ఉంటే ఇంకో దారి ఉంది. 650బి రిమ్ముకు 47 మిల్లీమీటర్ల లావు టైరు వేస్తే బయటి వ్యాసం మళ్లీ 678, అంటే 28 టైరు వేసిన 700సి అంతే. మట్టిబాటల్లో హాయిగా పోవడానికి అది చక్కటి ఏర్పాటు. కానీ బొటనవేలి బాధ అలాగే ఉంటుంది, టైరు అంచు వెనక్కి జరగలేదు కాబట్టి. ఒంటికి తగిన చిన్న చక్రం కావాలంటే ఆ చక్రం కోసం కట్టిన ఫ్రేమే కావాలి. చిన్న సైజుల్లో మాత్రం 650బి చక్రాలు పెట్టి రోడ్ బైకులు చేసిన కంపెనీలు ఉన్నాయి. జర్మనీ కంపెనీ కాన్యాన్ ఆడవాళ్ల కోసం చేసిన ఎండ్యురేస్‌లో అలా చేసింది. పాత 650సి ఫ్రేములు అప్పుడప్పుడు సెకండ్ హ్యాండులో కనిపిస్తాయి. టైర్లు దొరకడం కష్టమవుతోంది కాబట్టి ఇప్పుడు కొనేవాళ్లు 584 రిమ్మునే చూసుకోవడం మంచిది.

ఆవిడకు 584 చక్రాల చిన్న ఫ్రేము దొరకడానికి నెలలు పట్టింది. పెడలును మోసే క్రాంకు కూడా 170 మిల్లీమీటర్లది బదులు 165ది వేయించాం. అదే సర్వీసు రోడ్డు, అదే చోట వెనక్కి తిరిగింది. నేను ఆవిడ మొహం చూడలేదు, బూటు కొననే చూస్తున్నాను. టైరుకూ దానికీ మధ్య ఖాళీలోంచి రోడ్డు కనిపించింది. నెల తిరిగేసరికి దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి ఎక్కే దారిలో నా వెనక చక్రం వదలకుండా రావడం మొదలుపెట్టింది. ఇప్పుడు నేను ఆవిడ వెనక చక్రం పట్టుకోవడానికి తంటాలు పడుతున్నాను. చక్రం చిన్నదైనందువల్ల వేగం రాలేదు. భయం పోయి, మెడ నొప్పి పోయి, ఎక్కువసేపు తొక్కగలిగినందువల్ల వచ్చింది.

నూట అరవై సెంటీమీటర్లు దాటినవాళ్లకు నేను 650 చెప్పను. వాళ్లకు 700సి హాయిగా కుదురుతుంది, టైర్ల ఎంపికా విశాలం. నూట యాభై అయిదు, నూట అరవై మధ్య వాళ్లు రెండూ ఎక్కి చూసి తేల్చుకోవాలి, తొడల పొడవు, చేతుల పొడవు మనిషికీ మనిషికీ వేరు కాబట్టి. అంతకంటే తక్కువైతే మొదటి ప్రశ్నే చక్రం గురించి ఉండాలి. పదకొండేళ్ల పిల్లకు “ఎలాగూ ఎదుగుతుంది కదా” అని 700సి కొనే తల్లిదండ్రుల్ని ప్రాధేయపడి మరీ ఆపుతాను. 24 అంగుళాల రేసు సైకిలు మీద రెండేళ్లు ధైర్యంగా మలుపులు తిరిగిన పిల్లే తర్వాత ఉస్మానియా క్యాంపస్‌లోని వెలోడ్రోమ్ ఏటవాలు మీద భయం లేకుండా తిరుగుతుంది.

ఎక్కి చూడమని చెబుతున్నాను గానీ, చూడటానికి బండి ఎక్కడుందని అడుగుతారు. ఒక షోరూము యజమానిని నేనే అడిగాను, ఒక్క 650 బండి ఉంచరాదా అని. “అడిగేవాళ్లు లేరు సార్” అన్నాడు. తెప్పించరు కాబట్టి జనం చూడరు, చూడరు కాబట్టి అడగరు, అడగరు కాబట్టి తెప్పించరు. ఈ గుండ్రం ఎక్కడో ఒకచోట తెగాలి. కాబట్టి ఈసారి షోరూముకు వెళ్లినప్పుడు మీరు తొక్కబోయే బూట్లు వేసుకుని వెళ్లండి. సీటు ఎక్కి, ఒకరిని వెనక పట్టుకోమని, పెడలు ముందుకు తెచ్చి, హ్యాండిలు మెల్లగా తిప్పండి. కాలు టైరుకు తగిలితే ఆ బండి మీది కాదు. ఇంతకంటే చిన్న ఫ్రేము ఉందా అని అడగకండి, 584 రిమ్ముతో ఏముందని అడగండి. లేదంటారు. పేరు, ఫోను నంబరు రాసిచ్చి, తెప్పిస్తే వచ్చి ఎక్కి చూస్తానని చెప్పి రండి.